అప్పులన్నిటికీ ఒకే వాయిదా

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ ఎల్‌బీ నగర్. కింద ఆ రోడ్డుకు రెండు వైపులా ఏముందో మీకు నేను చెప్పనక్కర్లేదు: గోల్డ్ లోన్ బోర్డులు, చిట్‌ఫండ్ ఆఫీసులు, ఫైనాన్స్ కంపెనీలు, ఫోన్ల షాపుల ముందు జీరో డౌన్‌పేమెంట్ బ్యానర్లు, ఫీజు వాయిదాల్లో కట్టొచ్చనే కోచింగ్ సెంటర్లు. అప్పు పుట్టడానికి అడుగడుగునా గుమ్మాలే. అటు చివర ఎల్‌బీ నగర్‌లో రంగారెడ్డి జిల్లా కోర్టుల సముదాయం ఉంది. అప్పు చెడ్డాక అందరూ తేలేది అక్కడే: ప్రోనోటు దావా, చెక్‌బౌన్స్ కేసు, కాదంటే ఐపీ. ఈ రెండు కొసల మధ్య ఏముంది అన్నది ఈ సాయంత్రం నా ప్రశ్న. "ఎగ్గొట్టను, మాఫీ అడగను. ఇప్పుడు అడుగుతున్న తీరున మాత్రం కట్టలేను. అందరికీ కలిపి నెలకింత అని కడతాను, వడ్డీ తగ్గించండి" అనే మనిషి ఏ గుమ్మం ఎక్కాలి? ఆ గుమ్మం లేకపోవడం వల్లే తీరగలిగిన అప్పులు కూడా తీరకుండా పోతున్నాయన్నది నా వాదన.

ముందు లెక్క చూద్దాం. అప్పు గురించి నీతులకు మన దగ్గర కొదవ లేదు, లెక్కకే కరువు. ఉదాహరణకు ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. చైతన్యపురిలో అద్దె ఇల్లు, చేతికొచ్చే జీతం 42,000. అద్దె, కిరాణా, కరెంటు, గ్యాసు, పిల్లల బడి, బస్సు పాసు, ఊళ్లో పెద్దవాళ్ల మందులు అన్నీ కలిపి 28,000. మిగిలేది 14,000. బాకీలు నాలుగు చోట్ల: పర్సనల్ లోన్ 3,00,000, ఏడాదికి 16 శాతం, క్రెడిట్ కార్డు మీద 1,20,000, నెలకు మూడున్నర శాతం, లోన్ యాప్‌లలో 60,000, నెలకు మూడు శాతం, తెలిసినవాళ్ల దగ్గర నోటు రాసి తెచ్చింది 1,50,000, మూడు రూపాయల వడ్డీ. మొత్తం 6,30,000. నెల వడ్డీ వరసగా 4,000, 4,200, 1,800, 4,500. వెరసి 14,500. అంటే మిగిలిన 14,000లో ఒక్క రూపాయి పక్కకు పోకుండా కట్టినా వడ్డీకే ఇంకా 500 తక్కువ. పదేళ్లు కట్టినా అసలు అలాగే ఉంటుంది, పైగా పెరుగుతుంది. ఇదే 14,000 వడ్డీ ఆపిన బాకీ మీద కడితే 45 నెలల్లో అంతా తీరిపోతుంది. వడ్డీ పూర్తిగా ఆపడం న్యాయం కాదంటారా, ఏడాదికి 8 శాతం వేయండి. 54 నెలలు పడుతుంది. ఇచ్చినవాళ్లకు ముట్టేది సుమారు ఏడున్నర లక్షలు. మనిషి మారలేదు, జీతం మారలేదు, ఇంటి ఖర్చులో రూపాయి కోత పడలేదు. ఎన్నటికీ తీరని బాకీ నాలుగున్నరేళ్లలో తీరే బాకీ అయింది.

ఇక ఆ కార్డు బిల్లు ఒక్కటి దగ్గర పెట్టుకుని చూడండి. పైన పెద్ద అంకెలో మొత్తం బాకీ, దాని కింద మినిమమ్ డ్యూ. అది అయిదు శాతం అనుకుంటే 6,000. కుటుంబం ఆ 6,000 కట్టి ఈ నెల గండం గడిచిందనుకుంటుంది. అందులో 4,200 వడ్డీకి పోతుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, 756. అసలులో తగ్గేది 1,044. మినిమమ్ డ్యూ కట్టినా బాకీ పెరిగేలా లెక్క వేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. బాకీ పెరగడం లేదు, నిజమే. లక్షా ఇరవై వేలలో వెయ్యి తగ్గింది. కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటితే అది అనుచిత వ్యాపార పద్ధతేనని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు ఇచ్చింది. సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న దాన్ని కొట్టేసింది. వడ్డీ సంగతి చూడవలసింది రిజర్వు బ్యాంకేనంది. రిజర్వు బ్యాంకు మాత్రం పరిమితి ఏదీ పెట్టలేదు. నెలకు మూడున్నర శాతమంటే ఏడాదికి 42 శాతం. మూడు రూపాయల వడ్డీకి నోటు రాయించుకునే మనిషిని వడ్డీ వ్యాపారి అంటూ మొహం చిట్లించే మనం, అంతకన్నా అర్ధరూపాయి ఎక్కువ తీసుకునే కార్డును జేబులో పెట్టుకు తిరుగుతాం.

ఇంతకన్నా చిన్న అప్పుల్లో లెక్క ఇంకా ఘాటుగా ఉంటుంది. తోపుడుబండ్ల మీద పళ్లు, బట్టలు అమ్ముకునేవాళ్లు డైలీ ఫైనాన్స్ తీసుకుంటారు. పదివేలని రాసుకుని తొమ్మిదివేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యే కదా పోయింది అనిపిస్తుంది. కానీ తీసుకున్న సొమ్ము మొదటి రోజు నుంచే తరిగిపోతుంటుంది కనుక, ఏడాది లెక్కన వడ్డీ డెబ్బై శాతం పైమాటే. ఉద్యోగస్తుల్లో దీనికి సాటి వచ్చేది రొటేషన్. ఈ కార్డు బిల్లుకు ఆ కార్డు, ఆ కార్డుకు మూడోది. మధ్యలో కార్డు గీకి నగదు చేతిలో పెట్టే దుకాణానికి కమీషన్. రొటేషన్ నడుస్తున్నంత కాలం ఎక్కడా బాకీ పడ్డట్టు కనబడదు, సిబిల్ స్కోరు కూడా నిలకడగానే ఉంటుంది. అది కుప్పకూలే నెలలో మాత్రం అన్నీ కలిసి ఒక్కసారే కూలతాయి.

ఈ మాట అనగానే ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: అప్పు చేసి పప్పుకూడు తిన్నారు, ఇప్పుడు ఖర్చు తగ్గించుకుని కట్టమనండి. ఆ జవాబును నేను తేలిగ్గా తీసుకోను. అవసరం లేని ఫోను, తాహతుకు మించిన పెళ్లి, ఎదుటివాణ్ణి చూసి కొన్న కారు, ఇవన్నీ ఉన్నాయి. అయితే పై లెక్కలో ఆ కుటుంబం ఇంటి ఖర్చులో మరో రెండు వేలు తగ్గించుకుందనుకోండి. అప్పుడు కట్టేది 16,000, వడ్డీ 14,500. నెలకు 1,500 చొప్పున అసలు తీరడం మొదలవుతుంది. ఆరు లక్షల ముప్పైవేల కొండ ముందు పొదుపు చేయగలిగింది అంతే. ఈ లోగా ఒక్క జ్వరం, ఒక్క నెల జీతం ఆలస్యం, ఊళ్లో ఒక్క శుభకార్యం వస్తే చాలు, ఆ 1,500 ఎగిరిపోతుంది. బాకీని వడ్డీ రేటు శాసిస్తున్నప్పుడు క్రమశిక్షణ గురించి చెప్పే ఉపదేశం వినడానికి బాగుంటుంది గానీ బాకీని కదపదు.

అలాంటప్పుడు ఆ మనిషి ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి వడ్డీ తగ్గించమని అడగొచ్చు కదా? అసలు చిక్కు ఇక్కడే ఉంది. బ్యాంకు ఒప్పుకుని వాయిదా తగ్గించిందనుకుందాం. అలా మిగిలిన డబ్బు ఎవరికి పోతుంది? గట్టిగా అరిచేవాడికి. ఆఫీసుకు ఫోన్ చేసేవాడికి, వీధిలో నిలబడి కేకలు వేసేవాడికి. ఆ సంగతి బ్యాంకుకూ తెలుసు కనుక అది ఒప్పుకోదు. మెత్తగా ఉన్నవాడు నష్టపోతాడన్న భయంతో ప్రతివాడూ గట్టిపడతాడు. అందరూ గట్టిపడ్డాక అప్పు తీసుకున్నవాడి చేతిలో కట్టే శక్తే మిగలదు. ఈ పోటీ చివరికి ఎక్కడిదాకా పోతుందో హైదరాబాద్ 2020 డిసెంబరులో చూసింది. లోన్ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు పోయాయి, పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు, డిసెంబరు 23న రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరించింది. 2022లో నిబంధనలు వచ్చాయి: ఫోనులోని కాంటాక్టులు, ఫొటోలు యాప్ తాకకూడదు, రికవరీ ఏజెంట్లు ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయకూడదు. మంచివే. అవి కేకలు వేసే వేళలను కట్టడి చేశాయి గానీ, ఎవరు ఎక్కువ కేకలు వేస్తే వాడికే ముందు ముట్టే పద్ధతిని మార్చలేదు.

ఇతర దేశాల్లో డెట్ మేనేజ్‌మెంట్ ప్లాన్ అనేది పుట్టింది ఆ పద్ధతిని మార్చడానికే. దాంట్లో గొప్ప రహస్యమేమీ లేదు. కుటుంబానికి బతకడానికి ఎంత కావాలో ముందు తీసి పక్కన పెడతారు. మిగిలింది ఒకే వాయిదాగా ఒక కేంద్రానికి కడతారు. కేంద్రం దాన్ని ఎవరి బాకీ ఎంతో ఆ దామాషాలో పంచుతుంది. వడ్డీని ఆపడమో తగ్గించడమో చేయిస్తుంది. అమెరికాలో లాభాపేక్ష లేని రుణ సలహా సంఘాల జాతీయ వేదిక 1951 నుంచీ ఉంది. ఈ ప్లాన్లు సాధారణంగా మూడు నుంచి అయిదేళ్లు నడుస్తాయి. బ్రిటన్‌లో స్టెప్‌చేంజ్ అనే ధార్మిక సంస్థ 1993 నుంచి ఈ పని ఉచితంగా చేస్తోంది. 2021 మే నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో చట్టమే అరవై రోజుల ఊపిరి ఇస్తోంది: ఆ రెండు నెలలూ వడ్డీ పెరగదు, వసూలు చర్యలు ఉండవు, సలహాదారు కాగితాలు సర్దుతాడు. ధనిక దేశాల ముచ్చట మనకెందుకు అంటారా, తెలుగువాళ్లు తరతరాలుగా ఉంటున్న మలేషియా చూడండి. అక్కడి కేంద్ర బ్యాంకు 2006లోనే ఏకేపీకే అనే సంస్థను పెట్టి ఇదే పనిని ఉచితంగా చేయిస్తోంది.

మనకు ఈ ఆలోచన కొత్త కాదన్నదే ఆశ్చర్యం. 2009 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఆర్థిక అక్షరాస్యత, రుణ సలహా కేంద్రాల నమూనా పథకం ఒకటి బ్యాంకులకు పంపింది. అప్పుల్లో మునిగినవారికి ఒక్కొక్కరికీ డెట్ మేనేజ్‌మెంట్ ప్లాన్ తయారు చేయాలని అందులో ఆ మాటతోనే ఉంది. బయటి వడ్డీ వ్యాపారుల బాకీ తీర్చే దారి కూడా అందులో చేరవచ్చని ఉంది. సలహా ఉచితంగా ఇవ్వాలని, కేంద్రం తనను పెట్టిన బ్యాంకుకు ఎడంగా ఉండాలని ఉంది. చదివితే ఎవరో బాగా ఆలోచించి రాశారనిపిస్తుంది. 2012లో పథకాన్ని మార్చారు. కేంద్రాల పేరులో అక్షరాస్యత మిగిలింది, రుణ సలహా పోయింది. పనిలోనూ అదే జరిగింది: ఖాతా ఎలా తెరవాలి, పిన్ ఎవరికీ చెప్పొద్దు, బీమా ఎందుకు అనే శిబిరాలు నిలిచాయి, బాకీల చిట్టా తెచ్చినవాడి పక్కన కూర్చుని లెక్క చూసే పని జారిపోయింది. మొదటిది అవసరమే. రెండోదానికి అది బదులు కాదు.

చట్టం వైపు చూస్తే పరిస్థితి మరీ విచిత్రం. మామూలు మనిషికి ఈనాటికీ దిక్కు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. అయిదు వందల రూపాయల బాకీ ఉంటే పిటిషన్ వేయొచ్చని అందులో రాసి ఉంది; ఆ అంకెను బట్టే చట్టం వయసు తెలుస్తుంది. అప్పిచ్చినవాళ్లలో సంఖ్య ప్రకారం సగానికి మించి, బాకీ మొత్తంలో నాలుగింట మూడు వంతులున్నవాళ్లు ఒప్పుకుంటే రాజీ పథకం పెట్టుకోవచ్చని కూడా ఉంది. అయితే అది దివాళా ప్రకటించాకే. ముందు ఐపీ పెట్టినవాడనిపించుకోవాలి, పేపర్లో నోటీసు పడాలి, ఆ తర్వాత తీరుస్తానని చెప్పుకోవాలి. 2016 దివాళా స్మృతిలో ఇంతకన్నా మెరుగైన ఏర్పాటు రాసుకున్నాం. మూడో భాగంలో వ్యక్తులకు రీపేమెంట్ ప్లాన్ ఉంది. మరీ పేదవారికి బాకీ కొట్టివేసే ఏర్పాటూ ఉంది. దానికి ఏడాది ఆదాయం 60,000, ఆస్తి 20,000, బాకీ 35,000 మించకూడదు. నెలకు అయిదు వేల ఆదాయం! ఆ మూడో భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి అమలులోకి తెచ్చింది కంపెనీల అప్పులకు పూచీ పడ్డవాళ్ల వరకే. వందల కోట్లకు సంతకం పెట్టిన ప్రమోటరు రీపేమెంట్ ప్లాన్ అడగొచ్చు. ఆరు లక్షల బాకీ ఉన్న కొత్తపేట గుమాస్తా అడగడానికి లేదు.

పల్లెకు మాత్రం మన శాసనకర్తలు ఎప్పుడూ ఇంత మొండిచెయ్యి చూపలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1936లోనే రుణాల రాజీ చట్టం వచ్చింది. అప్పిచ్చినవాణ్ణీ తీసుకున్నవాణ్ణీ కూర్చోబెట్టి మాట్లాడించే బోర్డుల కోసం. 1938లో వచ్చిన రైతు రుణ ఉపశమన చట్టం, అసలుకు రెట్టింపు ముట్టిన పాత బాకీ తీరినట్టే అంది. తెలంగాణ 2016లో చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, గ్రామీణ చేతివృత్తులవారి కోసం రుణ ఉపశమన కమిషన్ చట్టం చేసింది. ఆ పేరులోనే హద్దు ఉంది. విజయవాడ రోడ్డు మీదుగా, సాగర్ రోడ్డు మీదుగా నల్లగొండ నుంచి, ఖమ్మం నుంచి వచ్చి వనస్థలిపురం, హయత్‌నగర్, సరూర్‌నగర్‌లలో స్థిరపడ్డ కుటుంబాలెన్నో. ఊళ్లో ఉన్నంత కాలం అలాంటి చట్టాల నీడ ఎంతో కొంత ఉంది. రింగు రోడ్డు దాటి లోపలికి రాగానే అది కూడా పోయింది. వడ్డీ మాత్రం వెంటే వచ్చింది.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం. బ్యాంకర్ల మాట మొదట వినాలి, ఎందుకంటే వాళ్ల భయానికి చరిత్ర ఉంది. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది. వారం వారం వాయిదాలు, గుంపు ఒత్తిడి, ఆత్మహత్యలు: కారణాలు నిజమైనవే. కానీ తర్వాత జరిగిందేమిటి? వసూళ్లు కుప్పకూలాయి. కట్టగలిగినవాళ్లూ ఆపేశారు. కొన్నేళ్లపాటు ఆ సంస్థల అప్పు ఈ రాష్ట్రంలో పుట్టనే లేదు. పాత వడ్డీ వ్యాపారి మళ్లీ గుమ్మంలోకి వచ్చాడు. కనుక తీర్చే పద్ధతిని సడలిస్తే తీర్చే అలవాటే పోతుందని వాళ్లంటారు. నా జవాబు ఏమిటంటే, 2010 అనుభవం ప్లాన్‌కు వ్యతిరేక సాక్ష్యం కాదు, దానికి అనుకూల సాక్ష్యం. అక్కడ అందరికీ ఒకేసారి, ఎవరి స్థితి ఏమిటో చూడకుండా, తలుపు తెరిచారు. రైతు రుణమాఫీల్లోనూ అంతే: ఖజానా కడుతుంది, కట్టినవాడు తెల్లమొహం వేస్తాడు. ప్లాన్‌లో ఖజానా రూపాయి ఇవ్వదు. జీతం కాగితం, బ్యాంకు స్టేట్‌మెంటు, అద్దె రసీదు చూపాలి. కొత్త అప్పు చేయకూడదు. నాలుగున్నరేళ్లపాటు నెల నెలా కట్టాలి. ఎగ్గొట్టాలనుకునేవాడికి ఇంత శిక్ష ఎందుకు? వాడు ఫోన్ నంబరు మారుస్తాడు.

అయినా వడ్డీ ఆదాయం పోతుంది కదా, ఆ నష్టం బాగా కడుతున్న మిగతా ఖాతాదారుల మీద పడదా? పడేది ఎంత అని అడగాలి. కోర్టుకెక్కితే ఏం వస్తుందో చూడండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం డిక్రీ బాకీకి జీతం జప్తు చేసేటప్పుడు మొదటి వెయ్యి రూపాయలు, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు తాకకూడదు. మన ఉదాహరణలో 42,000 జీతానికి జప్తు చేయగలిగింది 13,667. ప్లాన్ కింద ఆ కుటుంబం తనంతట తాను ఇస్తానన్నది 14,000! పైగా ఒక డిక్రీకి జప్తు ఇరవై నాలుగు నెలలు మించి నడవదు. అంటే సంవత్సరాలు వాయిదాలు తిరిగి, వకీలుకిచ్చి, డిక్రీ తెచ్చుకుని, ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేశాక చట్టం ఇప్పించేది, మొదటి రోజున మనిషి కడతానన్నదానికన్నా తక్కువ. మనిషి బతకడానికి కొంత వదలాలని, అప్పులవాళ్లు ఎక్కువైతే దామాషాగా పంచాలని మన చట్టానికి తెలుసు. 73వ సెక్షన్ రెండో మాటే చెబుతుంది. తెలిసిన ఆ రెండు సంగతులూ దావా చివర కాక మొదట్లో అమలు చేయమనడమే నా కోరిక. ఇక బ్యాంకులు ఇది చేయలేవు, అంత సిబ్బంది లేదు అంటే, 2020 ఆగస్టులో, మళ్లీ 2021 మేలో రిజర్వు బ్యాంకు కోవిడ్ పునర్వ్యవస్థీకరణ పథకాల కింద పర్సనల్ లోన్ల గడువు రెండేళ్ల వరకు పొడిగించే వీలు ఇచ్చింది, వాళ్లు చేశారు. మొండి బాకీలను వసూలు కంపెనీలకు తగ్గింపు ధరకు అమ్మడానికి ఒప్పుకునే సంస్థ, ఆ తగ్గింపులో కొంత అప్పు తీసుకున్నవాడికే ఇవ్వడానికి ఎందుకు జంకాలో నాకు అర్థం కాదు.

ఇంతకన్నా కష్టమైన అభ్యంతరం నోటు మీద అప్పిచ్చినవాడిది. బ్యాంకును రిజర్వు బ్యాంకు ఆదేశించవచ్చు. అయిదో గల్లీలో ఉండే మనిషిని ఎవరు ఆదేశిస్తారు? అతను రాకపోతే ప్లాన్‌కు చిల్లుపడుతుంది, ఎందుకంటే అందరికన్నా దగ్గరగా ఉండి గట్టిగా అడగగలిగేది అతనే. అయితే అతనికీ తనవైన భయాలు ఉన్నాయి. నోటుకు మూడేళ్లలో కాలదోషం పడుతుంది. అందుకే వడ్డీ అసల్లో కలిపి నోటు తిరగరాయిస్తుంటాడు. తిరగరాసే నాటికి మనిషి ఉంటాడో లేదో తెలియదు. వడ్డీ వ్యాపారానికి లైసెన్సు కావాలన్న చట్టం తెలంగాణ ప్రాంతంలో నిజాం కాలం నుంచీ, 1349 ఫసలీ నుంచీ ఉంది. కోర్టుకెక్కితే ఆ ప్రశ్న తన మీదికే వస్తుంది. ఇలాంటి మనిషికి, బాకీ ఇంత అని సంతకం పెట్టిన కాగితం, నెలకింత అని ఖాతాలో పడే సొమ్ము చూపిస్తే బేరం కుదిరే అవకాశం ఉంది. రాతపూర్వకంగా బాకీ ఒప్పుకుంటే లిమిటేషన్ చట్టం ప్రకారం మూడేళ్ల గడువు మళ్లీ కొత్తగా మొదలవుతుంది. అంటే ప్లాన్‌లో చేరిన రోజునే అతని భయాల్లో పెద్దది తీరిపోతుంది. మూడు రూపాయల వడ్డీ వదులుకోవడానికి అది చాలినంత ప్రతిఫలం అవునా కాదా అన్నది బేరంలో తేలాలి. అందరూ వస్తారని నేను అనను.

సెటిల్‌మెంట్ చేసుకుంటే ఇంకా తక్కువలో బయటపడొచ్చు కదా అని బాకీదారుల వైపు నుంచి మరో మాట వస్తుంది. ఏకమొత్తంలో కట్టడానికి డబ్బున్నవాడికి అది దారే. 2023 జూన్‌లో రిజర్వు బ్యాంకు రాజీ పరిష్కారాలకు నియమాలు కూడా ఇచ్చింది. కానీ ఆ ఏకమొత్తం ఎక్కణ్ణుంచి వస్తుంది? చాలాసార్లు ఇంట్లో ఆడవాళ్ల బంగారం నుంచి, లేదా కొత్త నోటు నుంచి. తర్వాత సిబిల్ రిపోర్టులో "సెటిల్డ్" అనే మాట ఏళ్ల తరబడి నిలుస్తుంది. మధ్యలో మీ బాకీ సగానికి తగ్గిస్తాం, ముందు ఫీజు కట్టండి, బ్యాంకు ఫోన్ ఎత్తకండి అనే దళారులు బయలుదేరారు. వాళ్ల సలహా మీద ఫోన్ ఎత్తని నెలల్లో వడ్డీ, జరిమానా ఛార్జీలు పెరుగుతాయి, చెక్కు కేసు పడుతుంది. అమెరికాలో ఈ దందా ముదిరి, బాకీ నిజంగా తగ్గకముందే ఫీజు తీసుకోవడాన్ని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2010లో నిషేధించవలసి వచ్చింది. మన దగ్గర ఆ నిషేధం ముందే పెడితే నష్టమేమీ లేదు.

ప్లాన్ అందరికీ మందు కాదని కూడా చెప్పాలి. ఇంటి ఖర్చు పోగా ఏమీ మిగలని కుటుంబానికి, ఉద్యోగం పోయి ఏడాదైనవాడికి, పెద్ద రోగంతో మంచాన పడ్డవాడికి నెలవారీ వాయిదా రాయించడం క్రూరత్వం. వాళ్లకు కావలసింది బాకీ కొట్టివేత. దివాళా స్మృతిలో రాసి పక్కన పెట్టిన ఆ కొత్త ఆరంభం, అర్థవంతమైన పరిమితులతో. సలహాదారులు ప్రతివాడినీ వాయిదాలోకి నెట్టే ప్రమాదం ఉంది, ఎందుకంటే వాయిదా ఉంటేనే కేంద్రానికి అంకెలు కనిపిస్తాయి. అందుకే కేంద్రం జీతభత్యాలు వసూలైన సొమ్ములో వాటాగా ఉండకూడదు.

మరి ఎవరు చేయాలి? కొత్త చట్టం కోసం ఎదురు చూడకుండానే మొదలుపెట్టగలిగిన చోటు ఎల్‌బీ నగర్‌లో ఉంది. 1987 న్యాయసేవల చట్టం కింద జిల్లా న్యాయసేవాధికార సంస్థ దావా పడకముందే రాజీ కుదర్చవచ్చు. లోక్ అదాలత్ అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కోర్టు ఫీజు లేదు. ఇప్పుడు అక్కడ జరుగుతున్నది ఏమిటంటే, బ్యాంకులు తమ తమ జాబితాలతో వస్తాయి. బాకీదారుణ్ణి ఒక్కో బ్యాంకూ విడివిడిగా పిలుస్తుంది. నాలుగు చోట్ల బాకీ ఉన్నవాడు నాలుగు బల్లల దగ్గర నాలుగు ఒప్పందాలు చేసుకుని, నాలుగూ తప్పుతాడు. దాన్ని తిరగేయాలి. పిలిచేది బాకీదారుడు కావాలి, అతని పేరు మీద ఒకే ఫైలు ఉండాలి, నలుగురూ ఒకే రోజు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ఆ ఫైలు తయారు చేయడానికి 2009 పథకంలో అనుకున్న సలహాదారు కావాలి, బ్యాంకులకు ఎడంగా, దిల్‌సుఖ్‌నగర్ లాంటి చోట మెట్రో దిగి నడిచి వెళ్లగలిగే గదిలో. బ్యాంకు పరీక్షలకు వేలమందికి వడ్డీ లెక్కలు నేర్పుతున్న పేట ఇది. ఆ లెక్క వచ్చినవాళ్లకు ఇక్కడ కరువు లేదు. ఫైలు తెరిచిన రోజు నుంచి అరవై రోజులు వసూలు చర్యలు ఆపమని రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు.

ఒక జాగ్రత్త ముందే చెప్పి ముగిస్తాను. ఇలాంటి కేంద్రం పెడితే ఏడాది చివర ఎంత వసూలైందన్న అంకెను చూసి సంబరపడతారు. నేనైతే ఎందరు మధ్యలో ఆగారు, ఏ నెలలో ఆగారు అన్న పట్టిక అడుగుతాను. జూన్‌లో ఆగినవాళ్లు ఎక్కువుంటే అది స్కూలు ఫీజుల నెల. ఆ కుటుంబం బాకీ ఎగ్గొట్టలేదు, పిల్లల్ని బడికి పంపింది. అలాంటి వాయిదాను ఏడాదికి పన్నెండు సమాన భాగాలుగా రాయడమే తప్పు. జూన్‌లో సున్నా రాసి, ఆ 14,000ను మిగతా పదకొండు నెలలకు సర్దితే నెలకు పడేది 1,273 అదనం. అది కూడా బరువైన ఇంటికి జూన్ వాయిదాను మొత్తం గడువు చివరకు నెట్టాలి. 54 నెలల ప్లాన్ 59 నెలలు, మహా అయితే 60 నెలలు అవుతుంది. బల్ల దగ్గర కూర్చున్న ఆ నలుగురినీ మొదటి రోజున ఒప్పించవలసింది ఈ సంగతే.